ఒత్తు దిగే చోటు

అయనావరంలో మా మేడమీది గది.
కరెంటు పోయి గంటయింది.
లాప్‌టాప్ వెలుగుకి వచ్చిన దోమ ఒకటి
'జవాబు' మీటమీద వాలి, లేచి, మళ్ళీ వాలింది.
మీట పెద్దదే అయిందన్నమాట.

జీతమిచ్చే పని తరమణిలో, పగలు.
ఇది రాత్రి పని. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ ఏమీ ఇవ్వరు.
అందరిదీ అయిన ఈ మెయిల్ యాప్‌లో
ఉత్తరం తెరిస్తే కనబడే ఆ ఒక్క పేజీ,
దాన్ని మళ్ళీ కట్టడం.
నాలుగు నెలలుగా అదే గోడ కూల్చి అదే గోడ లేపుతున్నాను.

ముందు ఎవరు రాశారో ఉండాలా, ఏం రాశారో ఉండాలా?
కింది వాటా మునిరత్నం నాయుడు గారిని అడిగాను.
ఎగ్మూరులో రైలు టపా సార్టింగు, ముప్పై రెండేళ్ళు.
పెట్టె ఊగుతుంటే నిలబడి
గూళ్ళలోకి ఉత్తరాలు విసిరిన చెయ్యి.
నా ఫోను అందుకుని, దుమ్ముందేమో అన్నట్టు
బొటనవేలితో ఒకసారి తుడిచారు.
"మేం ఊరు చూస్తాం పాపా. పేరు చూడం.
పేరు చూస్తే చెయ్యి ఆగిపోతుంది."
కాసేపుండి, "అయినా నీది సార్టింగు కాదు గదా,
ఇది ఇల్లు చేరిన ఉత్తరం.
ఇక్కడ పేరే ముందు."

పేరు పెద్దది చేశాను.
చిరునామా, తేదీ, ఇంకెవరెవరికి వెళ్ళిందో
అన్నీ ఒక చిన్న బాణం కింద
కొంగున చిల్లర ముడేసినట్టు ముడేశాను.

అంతలో పెరంబూరు నుంచి భూషణం గారి ఫిర్యాదు.
రక్తదాతల జాబితా చూసుకునే మనిషి.
'రక్తం కావాలి' అని ఆయన పంపితే
నా కొత్త పేజీ 'రకం కావాలి' అని చూపించిందట.
ఇంకో వరస పట్టించాలని నేను పిండేసిన సందులో
త ఒత్తు తెగిపోయింది.
అందుకున్నాయన "ఏ రకం?" అని అడిగాడట.
"ఓ నెగటివ్" అని ఈయన చెప్పాడట.
పని జరిగిపోయింది.
నాకే ఆ రాత్రి అన్నం సయించలేదు.

వెతుకుతూ పోతే ఎన్ని!
ముద్ద ముద అయింది. వద్దు వదు.
కింది వాటాలో మునిరతం గారు.
ఒత్తు అన్న మాటకే ఒత్తు లేదు.
ఇంగ్లీషు అక్షరాలు ఒకే అరుగుమీద వరసగా కూచుంటాయి,
ఒకటీ అరా కాలు వేలాడేస్తాయి, అంతే.
మనవి బావిలోకి దిగినట్టు
ఒకదాని కిందికొకటి దిగుతాయి.
'రాష్ట్రం' అయితే రెండు మెట్లు.
నేను కట్టింది అడుగులేని ఇల్లు.

నాలుగు పిక్సెళ్ళు తిరిగిచ్చాను. చాల్లేదు. ఆరు.
నా పని సరిచూసే యోహాన్ ఏ దేశంవాడో తెలీదు.
"వదులుగా ఉంది. తెరమీద ఒక వరస తగ్గింది" అన్నాడు.
నిజమే, తగ్గింది.
పొడుగాటి జవాబు రాసి చెరిపేశాను, మూడుసార్లు.
చివరికి రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాను,
రక్తం. రకం.
అతనికి తెలుగు రాదు. తేడా ఉన్న చోట
ఎర్రగా సున్నా చుట్టి, దీని అర్థం ఇదీ, దాని అర్థం అదీ అని రాశాను.
పదకొండు గంటల తర్వాత "ఓహ్" అని ఒక్క మాట.
వెనకే ఆమోదం.

కొత్తది బయటికి వెళ్ళాక వచ్చిన మొదటి మెయిల్
కొత్త పేజీలోనే తెరిచాను.
'పాతదే బాగుండేది. ఎందుకు గెలుకుతారు?'
రాసినవాళ్ళ పేరు లేదు.
పేరుండాల్సిన చోట ఉత్త చిరునామా,
ఎక్కడ విరగాలో తెలియక
రెండో వరసలోకి ఒరిగిపోయింది.
ఇది నేను చూసుకోలేదు.

కరెంటొచ్చింది. కింద నాయుడు గారి ఫ్యాను గొణుగుతోంది.
దోమ ఎటుపోయిందో.
జవాబు రాద్దామని వేలు పెట్టాను.
మీట మొదటి దెబ్బకే అందింది.