మూడు పూటలా గలగల

అనంతపురం, సాయినగర్, మూడో క్రాసు.
మేడ మీద ఒంటి గది.
పొద్దున ఆరున్నరకు గిన్నెలో గలగల.
పగలు ల్యాబు వెనక, స్టీలు డబ్బాలో గలగల.
రాత్రి తొమ్మిదికి మళ్లీ అదే.
రెండు నెలలుగా నా వంటిల్లంటే
ఒక అట్టపెట్టె, ఒక పాల ప్యాకెట్టు, ఒక చెంచా.

ఎవరూ బలవంతం చేయలేదు.
గ్యాసు బండ అయిపోయిన రాత్రి మొదలైంది.
బండ వచ్చింది, అలవాటు పోలేదు.
కడగడానికి గిన్నె ఒక్కటే కదా.
పెట్టె మీద పిల్ల, నడుముకు కొలత టేపు చుట్టుకొని,
నువ్వూ ఇట్లే అవుతావులే అని నవ్వుతాది.
పక్కన సన్నక్షరాల్లో
ఇనుము, ఎనిమిది విటమిన్లు,
ఇంకా కిందికి పోతే చక్కెర...
అక్కడికొచ్చేసరికి నాకు ఆటో టైమవుతుంది.

నా పని సూదులతో.
రోజుకు అరవై, డెబ్భై చేతులు.
పిడికిలి బిగించు పెద్దాయనా,
ఇంగ వదులు, అయిపోయింది.
రిపోర్టు మీద సంతకం డాక్టరుది,
అంకెలు ముందు చూసేది నేను.

మొన్న కంబదూరు నుంచి వన్నూరమ్మ వచ్చింది.
షుగరు మూడు వందల పది.
ఏం తింటావు పెద్దమ్మా అన్నాను.
"తినేదేముంది మే,
పొద్దున అన్నమే, పగలు అన్నమే, మాపటికీ అన్నమే.
పండ్లు లేవు, మెత్తగా పోతాది.
కూరాకుంటే సరి, లేకుంటే ఇంత కారం."
గోడ మీది పటానికి వేలు చూపించి
ఒకే గింజ మూడు పూటలా తినగూడదు,
పప్పుండాల, ఆకుండాల అని
మొదలుపెట్టినాను.
ఆమె కండ్లు పటం మీద లేవు,
బల్ల కింద నా డబ్బా మీదున్నాయి.
"అవేంటియి మే, బొరుగులా?"
మొక్కజొన్న అటుకులు.
"ఉగ్గాని చేసుకుంటావా?"
పాలు పోసుకుంటా.
"మాపటికి?"
నేను సూది మూత కోసం వెతుక్కున్నాను.
"అట్లయితే నీదీ నాదీ ఒకటే ఇస్తరి లే,"
మోచేతి మడతలో దూది అదుముకుంటూ
బోసినోటితో ఎంత నవ్వింది!

మా జేజి మూడు పూటలా సంగటే తినింది, ఏమైంది
అని మా చిన్నాయన పెండ్లిండ్లలో వాదిస్తాడు.
నిజమే. కానీ ముద్ద పక్కన
ఉలవచారుండేది, గోగాకుండేది,
ఊరుబిండి ఉండేది,
తిన్నాక మూడెకరాల కలుపుండేది.
కరువేడు ఇవేవీ లేక
ఉత్త ముద్ద, ఉప్పుకల్లు తిన్నప్పుడు
జేజికి రేచీకటి వచ్చిందంట,
దీపం పెట్టినాక గోడ పట్టుకొని నడిచేదంట.
ఆ మాట చిన్నాయన వాదనలో ఎప్పుడూ రాదు.

ఆ సాయంత్రం షట్టరు సగం దించి
సర్తాజ్ ముందు చేయి చాపినాను.
డెబ్భై చేతుల తర్వాత నాది.
హిమోగ్లోబిను ఎనిమిదిన్నర.
పెట్టె మీది ఇనుము
పెట్టెకే అంటుకున్నట్టుంది.
మెట్లెక్కితే ఎందుకు ఆయాసమో,
దువ్వెనకు అన్ని వెంట్రుకలు ఎందుకో
ఇంకొకరి రిపోర్టయితే చెప్పేదాన్ని.

గదికి వచ్చేసరికి పాలు విరిగిపోయినాయి,
ఈ ఎండలకు ఏది విరగదు.
కింద ఇంటామెను చెంబు మజ్జిగ అడిగినాను.
అటుకుల మీద పోసి, ఉప్పేసి,
ఎర్రగడ్డ సగం కొరికి,
వేయించిన బుడ్డలు గుప్పెడు చల్లుకున్నాను.
ఇదేం తిండని పెట్టె మీది పిల్ల
నవ్వు ఆపలేదు గానీ
నేను పెట్టెను గోడవైపు తిప్పినాను.
బాగుందా అంటే, బాగుందని చెప్పలేను.
రెండోసారి వేసుకున్నాను.

రేపు పొయ్యి వెలిగిస్తానా?
తెలియదు. ఆరున్నరకు నా ఒళ్లు నా మాట వినదు.
వన్నూరమ్మ వచ్చే బుధవారం వస్తుంది,
ఏం తిన్నావు మే అని అడక్కుండా పోదు.
అలసందలు పిడికెడు
నీళ్లలో వేసి పడుకున్నాను.
చీకట్లో చెవొగ్గి విన్నాను.
నానే గింజలకు చప్పుడుండదు.