టూసాన్, జూన్

పొద్దున నాలుగున్నరకే నడకకి బయల్దేరతాం.
ఐదున్నర దాటితే ఈ ఊళ్లో సూర్యుడు
అప్పులవాడిలా గుమ్మంలో కూర్చుంటాడు.
రియీటో వంతెన మీద ఆగి కిందికి చూస్తాం.
మ్యాపులో నీలం గీత.
కింద ఇసుక, బోర్లాపడ్డ షాపింగ్ బండి, కుందేలు అడుగులు.
ఇరవై తొమ్మిదేళ్లుగా దాన్ని నది అనే పిలుస్తున్నాం.
ఏడాదికి నాలుగు రోజులు అది కూడా ఒప్పుకుంటుంది.

శశిభూషణ్‌కి ఇప్పుడు ఆరెగాన్ కావాలి.
ఆస్టోరియాలో, మెట్లెక్కి వెళ్లే రెండు గదుల ఇల్లు,
కిటికీలో ఓడలు, ఏడాదిలో సగం రోజులు ముసురు.
కోనసీమలో పుట్టినవాడు, నాచు వాసనకి
ఇప్పటికీ ముక్కు ఎగరేస్తాడు.
నాది కళ్యాణదుర్గం.
మా ఇంట వాన చుట్టపుచూపే గాని
కాపురానికొచ్చిన మనిషి కాదు.
ముసురు మూడోరోజుకి నా మోకాళ్లు
నాతో మాటలు మానేస్తాయి.

ఆయన ఎక్సెల్ షీటు తెరుస్తాడు.
కరెంటు బిల్లు, ఇంటి పన్ను,
గుండె డాక్టరు ఎన్ని మైళ్లు, కరివేపాకు ఎన్ని మైళ్లు.
మార్కులేసి కూడతాడు.
పదకొండు మార్కుల తేడాతో ఆరెగాన్.
"నీ మోకాళ్లకి మైనస్ ఆరు వేశాను చూడు" అంటాడు,
ధర్మంగానే ఉన్నాను కదా అన్నట్టు.

నేను వాదించను.
పోయిన జూన్‌లో పోస్టుడబ్బా దాకా వెళ్లి పడిపోయాడు.
నలభై అడుగుల దూరం, నూట పదమూడు డిగ్రీలు.
తారు మీద ఎడమ అరచెయ్యి ఆనించి లేవబోయాడట.
ఎదురింటి ఓఫీలియా తన కార్లో మ్యాట్లు లాక్కొచ్చి
వాటి మీదికి దొర్లించింది.
ఆ చేతిలో ఇప్పుడు గీతలు లేవు.
"జాతకమే చెరిపేసింది మీ ఊరు" అని నవ్వుతాడు.
మీ ఊరు.
ఎప్పట్నుంచి నాదైందో.

నీళ్ల డిపార్ట్‌మెంట్ ల్యాబులో రిటైరయ్యాను.
ఈ ఊరి దాహం నాకు అంకెల్లో తెలుసు.
మూడొందల మైళ్ల అవతలి నది
కాలవలో కొండలెక్కి వస్తుంది,
వచ్చినదాన్ని ఇసుకలో ఇంకించి మళ్లీ తోడతాం.
ఏటేటా ఎంత తగ్గుతోందో కూడా తెలుసు.
అయినా జూలైలో, మొదటి చినుక్కి ముందు,
క్రియొసోట్ పొదలన్నీ ఒక్కసారి ఊపిరి వదిలితే
ఆ వాసనకి నా రిపోర్టుల్లో
ఏనాడూ గడి లేదు.

శనివారం మార్లీన్ వస్తుంది, ఇంటికి ధర కట్టడానికి.
వాకిట్లో సవారో ఉంటే ఫొటో బావుంటుందని
ఫోన్లోనే మురిసిపోయింది.
మేం దిగిన ఏడాది అది నా నడుమెత్తు.
ఇప్పుడు తలెత్తి చూడాలి.
డెబ్బయ్యేళ్లు వస్తేగాని చెయ్యి వెయ్యదంటారు,
మాదింకా ఒంటిస్తంభమే.

రాత్రి ఆయన నిద్రపోయాక
నా మైనస్ ఆరుని తొమ్మిది చేద్దామని షీటు తెరిచాను.
చేశాను కూడా.
అడుగున, కూడికలన్నీ అయ్యాక, పేరులేని వరస ఒకటి.
ఆగస్టు పదకొండు: కందిగింజంత.
నవంబరు: రేగ్గాయ.
మే ఇరవై: ఉసిరికాయ కన్నా కాస్త పెద్ద. తూర్పువైపు.
మార్కులు వెయ్యలేదు.

టార్చి పట్టుకుని బయటికొచ్చాను.
అర్ధరాత్రి కూడా నేల పెనంలానే ఉంది.
ముళ్ల మధ్య, నా తలకి జానెడు పైన,
లేత పచ్చగా, ఉబ్బి.
ఎంతసేపు వెలుగు పట్టుకున్నానో.
పక్కింటి కుక్క మొరిగి మొరిగి ఊరుకుంది.

షీటు ఎవరు తెరిచారో షీటే చెప్పేస్తుంది.
పొద్దున వంతెన మీద ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా
మార్లీన్‌కి ఆయనే ఫోన్ చేశాడు.
"శనివారం వద్దండీ. వానలయ్యాక రండి."
అవతల ఆమె నవ్వు నాక్కూడా వినిపించింది.
పోయినేడు కురిసింది రెండే రోజులు.

నేను వేసిన తొమ్మిదిని ఆయన తిరిగి ఆరు చెయ్యలేదు.
ఆరెగాన్ ఇంకా
ఎనిమిది మార్కులు ముందే ఉంది.