ఏడో అంశం

దేవరకొండ మున్సిపల్ ఆఫీసుల
చాయ్ పోసేటోన్ని.
మీటింగు అయితదా కాదా
కప్పులు సూస్తె ఎరుకైతది నాకు.

తొమ్మిది మందొస్తే కోరం లేదు.
ఇరవై మందొస్తే అటు పది, ఇటు పది.
చైర్మన్ సారు అద్దాలు తుడుచుకుంటడు.
వాయిదా.

ఏడో అంశం, మా వాడ మోరీ మీద కల్వర్టు.
మూడేండ్ల సంది అదే కాయితం,
గుండుసూది తుప్పు దానికి ముద్రలెక్క అంటుకున్నది.

మొన్నటి వానకు ఈదమ్మ
మనుమరాలిని సంకనేసుకొని దాటింది,
బడిసంచి నెత్తిమీద.
ఒక చెప్పు ఇంక దొరకలే.

లోపల బల్ల గుద్ది వద్దన్నాయన
మెట్లకాడ నా చెవుల అన్నడు:
"కల్వర్టు గావాల్నే రా,
వాళ్ల చేతుల మీద గాదు."

కప్పులు కడిగి బోర్లేసిన.
చెవులన్ని ఒక్క దిక్కుకే.
ఏకగ్రీవం.

చక్కెర డబ్బాల అడుగు కనవడుతున్నది.