ఎర్రపట్టీ బండ

జడ్చర్ల బైపాసు మీద మైబు
ఇప్పుడు వాల్వు నొక్కి గాలికి ఇడువడు.
ఇరవై ఏండ్లు ఇడిసిండు.
స్స్... మంటుండె, వేళ్లు జిల్లుమంటుండె,
వాసన లేదు, రంగు లేదు,
తప్పు చేసినట్టు తెలిసేటందుకు ఏం లేకుండె.

ఇయ్యాల పాత గ్యాసును
బర్రె పాలు పిండినట్టు
మిషన్‌తోని ఆఖరు బొట్టుదాంక గుంజుతడు.
ఎర్రపట్టీ తెల్లబండ కొత్తది.
మొగులుకు అంత బరువు గాదంట,
జేబుకే.

"కొత్త కారైతేంది, పాతదే కొట్టు, అగ్గువ" అంటడు
కల్వకుర్తి టాక్సాయన, సగం తడిసిన అంగీతోని.

మైబు గేజీ ముల్లునే చూస్తుండు.
కారు కింద నీడల
నాలుక ఏలాడేసిన కుక్క.
"లోపల సల్లగైతది సారూ," అన్నడు శానసేపటికి,
"ఇది బయటనే పంటది గద."