ఏం దొర్కింది

మా నాయిన కుర్మన్న బాయిల్ల మునిగెటోడు.
పెద్దకొత్తపల్లి చుట్టూ ఎవరింట్ల బిందె జారినా,
మోటరు ఫుట్‌వాల్వు బురదల కూరుకపోయినా
మా ఇంటి ముందు సైకిల్ ఆగేది.
పాతాళగరిగె కొక్కేలకు అందనిది
ఆయన చేతికి అందేది.
నేను గట్టు మీద తాడు పట్టుకొని
ఒకటి, రెండు, మూడు...
నూటాపది దాటితే నాలుక పిడచకట్టేది.
నూటా ఇరవై ఆరుకు ఒకసారి
ముందు బిందె మూతి తేలింది,
ఎనక ఆయన తల.

ఇయ్యాల ఆదివారం, సోమశిల.
"గింత బరువేసుకొని, పైసలిచ్చి మరీ మునుగుడేందమ్మా"
అన్నడు చెన్నకేశులు.
పుట్టిల నుంచి ఎల్లెలకల పడితే పుట్టే బోర్లపడ్తదట,
అందుకని కాళ్లు ముందు జారిచ్చి
బియ్యం బస్తా లెక్క దిగిన.
వనపర్తిల ఫిజిక్స్ చెప్పే ఫర్జానా నాకు జంట.
నీళ్లల్ల బొటనవేలు పైకి లేపితే
బాగుందని కాదు,
ఇగ పైకి పోదాం అని.

మొదలు పెసరకట్టు రంగు.
తర్వాత బెల్లంపానకం.
తర్వాత రంగు అనేదే లేదు, టార్చి ఎంత చూపిస్తే అంత.
చెవులల్ల సూదులు.
ముక్కు మూసి మెల్లగ ఊదిన,
టప్పుమని లోపల ఏదో తలుపు తెరుచుకుంది.

పద్నాలుగు మీటర్ల కింద "పాలపిట్ట" లాంచీ.
దానితోని ఎవ్వరూ పోలేదు.
గాలివాన రాత్రి రేవుల కట్టేసి ఉండంగనే
ఖాళీగ, తనంత తనే కూసున్నదట.
అక్షరాల మీద నత్తలు పాకి
"పాల" పోయింది, "పిట్ట" మిగిలింది.
దసరా నాడు చెట్టుచెట్టుకూ తిరిగి చూసే పిట్ట
నాకు గిక్కడ, బురదల, పక్కకు ఒరిగి.

లోపల లైఫ్‌జాకెట్లు కప్పుకు అతుక్కొని
ఇంకా పైకి పోవాలనే చూస్తున్నయి.
టికెట్ల కిటికీల నుంచి గాజుచేపలు,
ఎముకలు లెక్కబెట్టొచ్చు, ఒక్కొక్కటే,
చిల్లర లేదన్నట్టు నిలబడి, మలిగి, పోయినయి.
నా ఊపిరి కప్పు కింద పాదరసమై పరుచుకుంది.
అండ్ల నా ముఖం నాకే తలకిందులు.

డ్రైవరు గదిల వాలుగ.
నా తొడంత పొడుగు, రెండు మీసాలు,
స్టీరింగ్ కింద పొట్ట ఆనిచ్చి పన్నది.
వెలుతురు పడితే కదల్లేదు.
నోరు తెరిచింది, మూసింది.
ఆఫీసుల పెద్దమనిషి
"తర్వాత రాపో" అన్నట్టు.
నేను నిజంగనే ఒకడుగు ఎనకకు జరిగిన.

బెంచీ కింద ఒక స్టీలు గ్లాసు.
చుక్కచుక్కగ కొట్టిన పేరు: ఎం. ఈదమ్మ.
చెయ్యి దానంతట అదే పోయింది.
ఒట్టి చేతులతో తేలుడు మా ఇంటావంటా లేదు.
వంచి చూస్తే గ్లాసుల నుంచి ఒక బొమ్మిడాయి
మూతి బయట పెట్టి
నా వేలును వాసన చూసి
మళ్లా లోపలికి.
ఎట్లున్నదట్ల పెట్టిన.
సరైన పనే అని ఫర్జానా తల ఊపింది.
నాకు మాత్రం ఏదో దొంగతనం చేసినట్టే ఉంది,
తియ్యకుండ వచ్చినందుకు.

ఐదు మీటర్ల కాడ మూడు నిమిషాలు ఆగాలె.
అప్పుడు లెక్కబెట్టుకున్న నన్ను నేను.
నూటా ఇరవై ఆరు
ఊరికెనే వచ్చి, ఊరికెనే పోయింది.

పొద్దుగూకి ఇంటికి పోతే
"ఏం దొర్కింది?" అన్నడు నాయిన, గట్టిగ.
చెవులు పోయినోళ్లు మాట్లాడినంత గట్టిగ.
ఏం లేదన్న. ఇనవడలే.
ఒట్టి చేతులు చూపిచ్చిన.
వాలుగ మీసాలు వేళ్లతో చూపిచ్చిన.
నవ్విండు.
"మరి చెవులు నొయ్యలేదా?"
ముక్కు మూసి ఊదుడు ఎట్లనో చూపిచ్చిన.
ఆయనకు ఎవరూ చెప్పలేదు ఈ సంగతి,
నలభై ఏండ్లల్ల, అన్ని బాయిలల్ల.

చాయ్ కప్పు పక్కన పెట్టి
ఆయన కూడా ముక్కు మూసుకొని ఊదిండు.
టప్పుమనలేదు.
చిల్లు పడ్డ ఎడమ చెవిల నుంచి
సన్నటి ఈల.
"అగో" అన్నడు, సంబురంగ,
"ఇది ఇనొస్తుంది."
మళ్లొకసారి ఊదిండు.