‘చా’ అయిపోయింది

విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి
గంటస్తంభం వైపు నడుస్తుంటే
మిఠాయికొట్టు వెనక సందులో
ఒకప్పుడు ట్రెడిల్ చప్పుడు.
ఆగిందంటే లెంక సూరప్పడు టీ తాగుతున్నట్టు.

నా మొదటి కథ పట్టుకెళ్లాను.
పద్దెనిమిది ఠావులు, రెండువైపులా.
చదువుతాడనుకున్నాను.
చదవలేదు. పేర్చడం మొదలెట్టాడు.
ఎడమచేతిలో స్టిక్కు,
కుడిచేతి వేళ్లు గళ్ల మీద
కోడి గింజలేరుకున్నట్టు.
నా వాక్యాలన్నీ తలకిందులుగా
సీసంలో మొలుస్తున్నాయి.

మూడో పేజీ దగ్గర చెయ్యి ఆగింది.
“బాబూ, చా అయిపోనాది.”
ఏం చా?
“సాలా అందం, సాలా బాధ, సాలా ఏళ్లు...
నీ ఒక్కడికే కేసు కాళీ అయిపోనాది.”
నోట సాలా అనే మనిషి,
వేళ్లకి మాత్రం ఏ గడిలో ఏముందో
పొల్లు పోకుండా తెలుసు.
“కొత్త టైపు రావాలంటే నెల.
ఆగుతావా, తీసెత్తావా?”

ఆగడానికి నా దగ్గర డబ్బుల్లేవు. తీసేశాను.
తీసిన ప్రతిచోటా
ఏం పెట్టాలో తెలీక
అక్కడ అసలేముందో చూడాల్సొచ్చింది.
చాలా అందమైన అమ్మాయి పోయి
రిక్షాలోంచి చెప్పు జారిపడితే
చూసి కూడా దిగని అమ్మాయి వచ్చింది.

కథ ఎలా రాయాలో చెప్పినవాళ్లు తర్వాత ఎందరో.
సభల్లో, శాలువాల కింద చెమటపడుతూ చెప్పారు.
నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను.
ఆ పుస్తకం ఎక్కడ పెట్టానో.

సాయంత్రాలు మాత్రం సందులోనే.
జీతం లేదు, గోళ్లలో సిరా.
పెద్దకర్మ కార్డులు రాయమనేవాడు.
“ఆరు లైన్లు. ఫొటోకి పోను ఐదు.”
చేపలమ్మే గౌరమ్మ కార్డుకి
‘దైవసాన్నిధ్యం చేరిన మాతృమూర్తి’ అని రాసిచ్చాను.
వత్తులు లెక్కపెట్టుకుని నిట్టూర్చాడు.
“ఇది ఏ తల్లికైనా సరిపోతాది.
గౌరమ్మ ఈదిలో ఏటని అరిసీది?”

తెలీదు. కనుక్కోడానికి వాళ్లింటికెళ్లాను.
కొడుకు మెల్లగానే మొదలెట్టి
ఉన్నట్టుండి అరిచేశాడు, అచ్చం అమ్మ గొంతుతో.
పక్కింటావిడ గిన్నె పట్టుకుని బయటికొచ్చింది,
చేపల కోసం.
వచ్చాక గాని ఆవిడకి గుర్తు రాలేదు.

కార్డులో ఆ అరుపు వెయ్యలేదు. బంధువులు ఒప్పుకోరు.
మాతృమూర్తే వేశాం.
“తెలిసింది గదా,” అన్నాడు సూరప్పడు, “దాసుకో.”

ప్రూఫు చివర్నుంచి మొదటికి చదివేవాడు.
ముందునుంచి చదివితే కతలో పడిపోతాం, తప్పు కనపడదంటాడు.
పడకపోతే ఇంక కథెందుకని దెబ్బలాడాను.
“పడాల్సింది నువ్వు కాదురా. ఆళ్లు.”

నాకు బాగా ఇష్టమైన కథని సప్పగుందన్నాడు.
ఆ మాట ఇప్పటికీ ఒప్పుకోను.

తర్వాత ఆఫ్‌సెట్ వచ్చింది.
టైపంతా తూకానికి.
చింతపల్లి నుంచి వేటకెళ్లేవాళ్లొచ్చి
అ నుంచి ఱ దాకా గోనెసంచుల్లో కట్టుకుపోయారు,
వలకి గుళ్లు పోసుకోడానికి.
నా మొహం చూసి నవ్వాడు.
“బరువు నేకపోతే వల పైనే తేలిపోతాది.
సేప పైనుంటాదేటి?”
అని, ఖాళీ కేసులోకి ఊదాడు.
దుమ్ము ఆయన కళ్లలోనే పడింది.
చాలాసేపు తుడుచుకున్నాడు.

పోయినేడు ఆ ఒడ్డున ఒక పాత వల విప్పదీసి
గుళ్లన్నీ తడిమాను.
నున్నగా ఉన్నాయి. ఒక్క అక్షరం లేదు.
వల తాలూకు మనిషి
ఏం పోయిందని అడిగాడు.

ఇప్పుడు ఎన్ని ‘చా’లు కొట్టినా
కంప్యూటర్లో తరగవు.
మూడో పేజీ దగ్గర నేనే చెయ్యి ఆపి
వీధివైపు చూస్తాను.
ఎవరూ పిలవరు.
ఒకటి తీసేస్తాను.
అది పోయినచోట తెల్లగా, గడంత ఖాళీ.
ఇంకా ఏమీ కనపడలేదు.
కూర్చునే ఉన్నాను.