వయసు గడి

ఫోను అడుగుతోంది:
ఆడా, మగా?
ఆడ.
క్రియాటినిన్?
రెండు పాయింట్ ఎనిమిది.
వయసు?

అక్కడ ఆగింది నా బొటనవేలు.

"ఏటో తల్లీ, ఎవుడు రాసినాడు?
పెద్ద తుఫానొచ్చి కొబ్బరిసెట్లు పడిపోయినేడు
మా పెద్దగుంట సంకనున్నాది."
ఏ పెద్ద తుఫాను?
కంచిలి నుంచి సముద్రం దాకా
ఇంటికో పెద్ద తుఫాను.
ఆధార్ కార్డు జనవరి ఒకటి అంటోంది.
ఈ ఓపీ చీటీల్లో సగం మంది ఆ రోజే పుట్టారు,
భోజనానికి లేవబోయే ఏ ఆపరేటరు తొందరలోనో.

యాభై వేశాను. ఇరవై అంది.
చెరిపి అరవై వేశాను. పందొమ్మిది అంది.
పదేళ్ల జీడిపిక్కల ఒలుపు,
పదేళ్ల బోరునీళ్లు,
మంచాన పడ్డ మనిషికి పదేళ్ల కాపలా
అన్నీ కలిపి
ఒక్క అంకె తేడా.

ఈ ఫోను పొద్దున్నుంచీ కుదురుగా లేదు.
కరెంటు పోతే దాని లైటుతోనే
ఓ గుంటడి గొంతు చూశాను.
పదకొండింటికి బైరాగి గుండె కాగితం.
పుణ్యవతి సిస్టరు ఫ్యాను కట్టేసి
ఒక కొసన స్టెత్తు, ఇంకో కొసన నీళ్లసీసా పెట్టింది.
ఫొటో తీసి విశాఖ పంపాను.
ఒకటే టిక్కు.
వాటర్ ట్యాంకు మెట్లు ఏడెక్కితే రెండోది.
అది నీలమయ్యేదాకా
బస్సు ఆపుతున్నదానిలా చెయ్యెత్తి నిలబడ్డాను.
"డాట్రమ్మ ఫోన్లో ఆడుకుంటంది"
కింద క్యూలో ఎవరో అన్నారు.
వెంటనే పంపించెయ్, అని జవాబు.
అంబులెన్సు వెళ్లి మూడు గంటలు.
ఏమైందో ఇంకా తెలీదు.
అందుకే సైలెంట్‌లో పెట్టలేదు.

రాత్రిళ్లు మా పాప గ్యాలరీ తిప్పుతుంది.
తన పుట్టినరోజు కేకు,
పక్కనే పుండు పడ్డ మడమ,
సీసాలో చచ్చిన పాము,
మళ్లీ తను, ముందుపన్ను ఊడి.
"అమ్మా, వీళ్లంతా మనకేమవుతారు?"
ముఖం రాకుండా తీస్తాను, పేరు కొట్టేస్తాను.
అయినా ఆ మడమ ఎవరిదో
చీకట్లో కూడా చెప్పగలను.

ఢిల్లమ్మ ముందుకు వంగింది.
"ఎంతొచ్చినాది?"
బస్తా ధర అడిగినట్టే అడిగింది.
ఈ ఊళ్లలో క్రియాటినిన్ అనే మాట
పాలపళ్ల గుంటలకీ నోరు తిరుగుతుంది.
"మా గుంట నాయినికి ఏడొచ్చినపుడు
పలాస తీసుకెల్నాం.
వారానికి రెండుమాట్లు.
మూడో దసరా సూడనేదు."

ఎర్రటి అంకె. దాని కింద నాలుగో దశ, ఇంగ్లీషులో.
ఫోను బోర్లా వేయబోయాను.
ఆమె వేలు అడ్డం పెట్టింది.
జీడినూనె తినేసిన వేలు, గీతల్లేని వేలు,
రేషను మిషను మూడుసార్లు వద్దన్నాక
నాలుగోసారి ఒప్పుకునే వేలు.
అద్దానికి ఎక్కడ తగిలిందో
అంకె పోయింది.
ఖాళీ గడిలో గీత ఒకటి
కొట్టుకుంటోంది: వయసు?

"పాడైపోనాదేటి?" బెదిరి చెయ్యి లాక్కుంది.
"లేదమ్మా."
"అయితే నీ నోటితో సెప్పు."

ఫోను సొరుగులో పడేశాను.
కుర్చీ ఆమె వైపు లాక్కున్నాను.
మొదటి మాట కోసం వెతుకుతుంటే
సొరుగు వణికింది.
ఇద్దరం విన్నాం.

"ఎత్తు తల్లీ, ఎవుడికేటయినాదో"
అంది ఢిల్లమ్మ,
"నానెక్కడికి పోతాను."